అంబాసిడర్ పెట్రోల్ బండిలో తీసేసిన థర్మోస్టాట్ మళ్లీ పెట్టించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: 1489 సీసీ పాత పెట్రోల్ ఇంజిన్ ఉన్న అంబాసిడర్. ఎండాకాలంలో ట్రాఫిక్‌లో నీళ్లు కక్కుతోందని షెడ్డులో థర్మోస్టాట్ (ఇంజిన్ నీళ్లు రేడియేటర్‌కి పోయే దారిలో వేడికి తెరుచుకునే వాల్వు) పీకేశారు. ఇప్పుడు చలికాలం పొద్దున్నే ఇంజిన్ ఎంతకీ వేడెక్కదు, చోక్ లాగి ఉంచాల్సి వస్తోంది. మే నెలలో మాత్రం మళ్లీ అదే కక్కుడు. థర్మోస్టాట్ మళ్లీ పెట్టించాలా, పెట్టిస్తే ఎన్ని డిగ్రీలది, ఎలా?

పెట్టించండి. 82 డిగ్రీలది. అయితే దానివల్ల మే నెల కక్కుడు తగ్గుతుందని మాత్రం అనుకోకండి. ఆ జబ్బు వేరే చోట ఉంది.

థర్మోస్టాట్ ఇంజిన్ ఎంత తక్కువ వేడి దగ్గర నడవాలో నిర్ణయిస్తుంది. ఎంత ఎక్కువ వేడి దాకా పోతుందో దాని చేతిలో లేదు. 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, ఇంకో 10–13 డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. అక్కడితో దాని పని అయిపోయింది. ఆ పైన వేడి ఆపాల్సింది రేడియేటర్, ఫ్యాను, పంపు. అందుకే ‘మన ఎండలకి 74 డిగ్రీలది పెట్టు, చల్లగా ఉంటుంది’ అనే సలహా వల్ల ట్రాఫిక్‌లో పెద్దగా ఒరిగేదేమీ లేదు. పొంగే సమయానికి 74 అయినా 82 అయినా ఎప్పుడో తెరుచుకుని ఉంటాయి. 88 డిగ్రీలది చలి దేశాల్లో హీటర్ బాగా పనిచేయడానికి పెట్టేది, మనకు అక్కర్లేదు.

‘థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు రేడియేటర్‌లో మరీ వేగంగా పోయి చల్లబడే టైము దొరకదు’ అనే మాట కూడా వింటుంటాం. అది సరికాదు. నీళ్లు వేగంగా తిరిగితే వేడి మార్పిడి తగ్గదు, పెరుగుతుంది. థర్మోస్టాట్ తీసేసిన కొన్ని బండ్లు ఎండలో ఇంకా ఎక్కువ వేడెక్కడం మాత్రం నిజమే, దానికి కారణం వేరు. మీ ఇంజిన్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్ రకం. థర్మోస్టాట్ కూర్చునే గుంత లోపలి నుంచి నీళ్లు రేడియేటర్‌కి పోకుండా నేరుగా పంపుకి తిరిగి వెళ్లే బైపాస్ దారి ఒకటి ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్లు ఆ దారిన తిరుగుతూ బ్లాకు అంతా సమానంగా వేడెక్కుతుంది. పాత కాలం థర్మోస్టాట్‌కి చుట్టూ ఒక రేకు తొడుగు ఉండేది, అది తెరుచుకోగానే తొడుగు జరిగి ఆ బైపాస్‌ని మూసేది. మొత్తం పీకేస్తే బైపాస్ ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది, కొంత వేడి నీరు రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. ఇప్పుడు బజారులో దొరికే మైనపు గుళిక రకం థర్మోస్టాట్లలో ఎక్కువ వాటికి ఆ తొడుగు ఉండదు, అందువల్ల బైపాస్ కొంచెం తెరిచే ఉంటుంది. కానీ రేడియేటర్ ఆరోగ్యంగా ఉంటే ఆ కొంచెం వల్ల రోడ్డు మీద ఇబ్బంది రాదు. తొడుగు ఉన్నది దొరికితే వదలకండి.

చల్లగా నడిచే ఇంజిన్‌కి జరిగే నష్టం కంటికి కనపడదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో) ఆయిల్ సరిగ్గా కాగదు. సిలిండర్ గోడల మీద పెట్రోల్ ఆవిరి కాకుండా కిందికి జారి ఆయిల్‌ని పలచన చేస్తుంది. పొగలోని నీటి ఆవిరి లోపలే చెమ్మై, ఆయిల్ పోసే మూత లోపల పెరుగులాంటి పసుపు తెట్టు కడుతుంది. రింగులు, బోరు త్వరగా అరుగుతాయి. మైలేజీ పడిపోతుంది. ఆ తెట్టు చూసి హెడ్ ప్యాకింగ్ పోయిందని హెడ్డు విప్పించుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇక కొనడం. బి-సిరీస్‌కి కావాల్సింది 54 మిల్లీమీటర్ల అంచు వ్యాసం ఉన్న థర్మోస్టాట్. ఎంజీబీ లాంటి బ్రిటిష్ కార్లకూ ఇదే సైజు, కాబట్టి ఆన్‌లైన్‌లో ఆ పేరుతో వెతికినా దొరుకుతుంది. ఇసుజు ఇంజిన్ ఉన్న అంబాసిడర్‌ది, ప్రీమియర్ పద్మిని కారుది అడగకండి. షాపుకి కాలిపర్ తీసుకెళ్లి కొలవండి. అంచులో చిన్న కన్నం, దానిలో వదులుగా ఆడే పిన్ను ఉందో లేదో చూడండి. నీళ్లు నింపేటప్పుడు కింద చిక్కిన గాలి బయటికి వచ్చేది ఆ కన్నంలోంచే. అది లేకపోతే అంచు మీద 3 మిల్లీమీటర్ల కన్నం ఒకటి డ్రిల్ చేయండి. రెండు మూడు చేయకండి, ఇంజిన్ వేడెక్కడం ఆలస్యమవుతుంది.

కొత్తదైనా సరే బిగించే ముందు పరీక్షించాలి. గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో వేలాడదీయండి. అడుగుకి తగలకూడదు, తగిలితే గిన్నె వేడి నేరుగా ఎక్కి ముందే తెరుచుకున్నట్టు కనిపిస్తుంది. దారం కొసని వాల్వు నోట్లో ఇరికించి కట్టడం మంచి ఉపాయం: వాల్వు తెరుచుకోగానే దారం జారి థర్మోస్టాట్ కింద పడుతుంది, సరిగ్గా ఆ క్షణంలో థర్మామీటర్ చూడొచ్చు. 82 అని రాసి ఉంటే 80–84 మధ్య మొదలైతే బాగున్నట్టే. బాగా మరిగాక 8 మిల్లీమీటర్ల దాకా లేవాలి. బయటికి తీసి చల్లారాక పూర్తిగా మూసుకుందో లేదో వెలుతురుకి పట్టి చూడండి. ఒక మాట: హైదరాబాదు సముద్ర మట్టానికి 540 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి. అందుకని 88 డిగ్రీల థర్మోస్టాట్ గిన్నెలో పూర్తిగా తెరుచుకోకపోతే అది చెడిపోయినట్టు కాదు.

బిగించే పనికి ఒక గంట చాలు, స్టడ్లు (హెడ్డులోంచి నిలబడి నట్లు పట్టే మరల కడ్డీలు) మొరాయించకపోతే. ముందు రోజు రాత్రే మూడు నట్ల మీదా, స్టడ్లు ఎల్బోలోంచి (థర్మోస్టాట్ మీద మూతలా ఉండి పై హోస్ తగిలించే వంపు ముక్క) బయటికి వచ్చే చోటా తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. ఎల్బో అల్యూమినియంది అయితే స్టడ్ల చుట్టూ తెల్లటి పొడి పేరుకుని గట్టిగా పట్టేసి ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, కింది ట్యాపు తిప్పి రెండు మూడు లీటర్లు దించండి. హెడ్డు కంటే కిందికి మట్టం దిగితే చాలు. పై హోస్ క్లిప్పు వదులు చేయండి. హోస్ అతుక్కుపోయి రాకపోతే పొడవునా చీల్చేసి కొత్తది వేయండి. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకిలించబోతే రేడియేటర్ పై ట్యాంకు ముక్కు టంకం ఊడుతుంది, హోస్ ఖరీదు కంటే ఆ రిపేరు ఎక్కువ.

నట్లకి అర ఇంచు స్పానర్ కావాలి. 13 మిల్లీమీటర్లది దాదాపు పట్టినట్టే ఉంటుంది, కానీ నట్టు మొండికేసినప్పుడు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. నట్లు వచ్చాక ఎల్బోని పక్కల నుంచి చెక్క సుత్తితో నెమ్మదిగా తడుతూ కదపండి. హెడ్డుకీ ఎల్బోకీ మధ్య ఉలి దూర్చొద్దు. ఆ గాటు పడిన చోట ఎన్ని ప్యాకింగులు వేసినా కారుతుంది. స్టడ్డే నట్టుతో పాటు తిరిగి బయటికి వస్తే కంగారు పడకండి, మరలు శుభ్రం చేసి సీలెంట్ రాసి మళ్లీ బిగించొచ్చు.

ఎల్బో వచ్చాక గుంతలో గుడ్డ కుక్కి, ఆ తర్వాతే పాత ప్యాకింగ్ గీకండి. ఆ ముక్కలు లోపల పడితే వెళ్లి చిక్కుకునేది రేడియేటర్ గొట్టాల్లోనే. ఇక్కడ అందరూ వదిలేసే పని ఒకటుంది. థర్మోస్టాట్ అంచు కూర్చోవడానికి హెడ్డులో ఒక మెట్టు చెక్కి ఉంటుంది. ఏళ్ల తరబడి థర్మోస్టాట్ లేకుండా నడిచిన బండిలో ఆ మెట్టు తుప్పుతో, సున్నంతో పూడిపోయి ఉంటుంది. అది తవ్వకుండా కొత్తది పెడితే అంచు పైకి పొడుచుకు ఉంటుంది. దాని మీద ఎల్బో బిగిస్తే మూడు నట్లలో ఒక చోట చెవి ఫట్‌మని విరుగుతుంది, లేదా వారంలో కారడం మొదలవుతుంది. థర్మోస్టాట్ పెట్టి వేలితో నిమిరితే అంచు హెడ్డు మొహంతో సమంగా తగలాలి. ఎల్బో మొహాన్ని కూడా అద్దం మీద పరిచిన ఎమరీ పేపర్ మీద రుద్ది చదును చేయండి. మెరుపు అన్ని వైపులా సమానంగా వచ్చేదాకా రుద్దితే చాలు.

మైనపు గుళిక, స్ప్రింగు ఉన్న వైపు కిందికి, అంటే ఇంజిన్ వైపు ఉండాలి. తలకిందులుగా పెడితే గుళికకి వేడి నీరు తగలదు, తెరుచుకోదు, ఐదారు కిలోమీటర్లలోనే బండి ఆవిరి కక్కుతుంది. ‘కొత్త థర్మోస్టాట్ పెట్టాకే పొంగింది, మన ఎండలకి ఇవి పడవు’ అనే మాట చాలా షెడ్లలో ఇలాగే పుట్టింది. కాగితం ప్యాకింగ్‌కి రెండు వైపులా పలచగా గ్రీజు రాయండి. సీలెంట్ వాడాలనుకుంటే పొరలా రాయండి, గుట్టలా కాదు. లోపలికి పిండుకుపోయిన సిలికాన్ ముద్ద ఊడి గొట్టాలకి అడ్డం పడుతుంది. నట్లు మూడింటినీ వంతులవారీగా కొద్దికొద్దిగా బిగించండి. ఆఖరి బిగువు 8 పౌండ్-అడుగులు, అంటే 11 న్యూటన్ మీటర్లు. పొట్టి స్పానర్‌తో మణికట్టు బలం చాలు.

నీళ్లు సన్నగా, తొందర లేకుండా పోయండి. మధ్యలో పై హోస్‌ని పిసుకుతూ ఉంటే బుడగలు పైకి వస్తాయి. మూత తీసే ఉంచి స్టార్ట్ చేసి, ఐడిల్ కంటే కొంచెం ఎక్కువ వేగంలో నడవనివ్వండి. మొదట కొన్ని నిమిషాలు పై హోస్ చల్లగానే ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, అప్పుడే థర్మోస్టాట్ తెరుచుకుంది. మట్టం ఒక్కసారి దిగుతుంది, మళ్లీ నింపి మూత పెట్టండి. మొదటి నిమిషం నుంచే హోస్ మెల్లగా వేడెక్కుతూ పోతే థర్మోస్టాట్ పూర్తిగా మూసుకోవడం లేదని అర్థం. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి, ప్యాకింగ్ అణిగి ఉంటుంది కాబట్టి నట్లని ఒకసారి సరిచూడండి.

నిండుగా పోయడం కూడా ఒక తప్పే. ఈ బండ్లకి ఓవర్‌ఫ్లో బాటిల్ లేదు, పై ట్యాంకులో నీళ్లు వ్యాకోచించడానికి చోటు కావాలి. మూత మెడకి ఒక ఇంచు కిందే ఆపాలి. అంచు దాకా పోస్తే బండి ఆ మిగులుని పారబోస్తుంది, మనమేమో పొంగుతోందనుకుని మళ్లీ పోస్తాం. రోజూ అర లీటరు పోస్తున్నామని చెప్పే చాలా బండ్లలో అసలు జబ్బే ఉండదు. అలాగే ఇంజిన్ ఆపేశాక రెండు మూడు నిమిషాలు టెంపరేచర్ మీటరు ముల్లు కొంచెం పైకి లేవడం సహజం.

ఇప్పుడు మీ అసలు సమస్య, మే నెల.

లెక్క చూడండి. కూలెంట్ 90 డిగ్రీల దగ్గర, బయట గాలి 24 దగ్గర ఉంటే తేడా 66. గాలి 44 అయితే తేడా 46. రేడియేటర్ వేడిని వదలగలిగేది ఈ తేడాని బట్టే, కాబట్టి మే నెలలో అదే రేడియేటర్ శక్తి దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. నాలుగో వంతు గొట్టాలు పూడిపోయిన రేడియేటర్ డిసెంబరులో ఏ ఫిర్యాదూ లేకుండా నడుస్తుంది, మేలో దొరికిపోతుంది. థర్మోస్టాట్ మీద నింద పడేది అప్పుడే.

ఎక్కడ వేడెక్కుతోందో చూస్తే సగం జబ్బు తెలుస్తుంది. ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, హైవే ఎక్కగానే దిగిపోతే అది గాలి సమస్య. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర ఇంచు దిగాలి, ఇంకా వదులుగా ఉంటే జారుతోంది. ఫ్యాను రెక్కలు తిరగేసి బిగించి ఉన్నారేమో చూడండి. గాలి అదే దిశలో వస్తుంది కానీ బలం ఉండదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రేడియేటర్ రెక్కల మధ్య పురుగులు, బురద పట్టి ఉంటే ఇంజిన్ వైపు నుంచి బయటికి తక్కువ ఒత్తిడి నీటితో కడగండి. ప్రెషర్ వాషర్ రెక్కల్ని పడుకోబెట్టేస్తుంది. దీనికి తలకిందులుగా, ఊళ్లో బాగానే ఉండి 70 కిలోమీటర్ల వేగం దాటాక వేడెక్కితే అది నీటి సమస్య: లోపల పూడిన రేడియేటర్, వేగంలో పీల్చుకుపోయి నలిగే కింది హోస్, లేదా పంపు. బానెట్ ఎత్తి ఒకరిని యాక్సిలరేటర్ తొక్కమని కింది హోస్‌ని చూడండి, అది నొక్కుకుపోతే జబ్బు దొరికినట్టే. పంపు విషయంలో రిపేరు చేసినవాటినే ఎక్కువ అనుమానించాలి. లోపల నీళ్లు తోసే చక్రానికీ (ఇంపెల్లర్) బాడీకీ మధ్య సందు మిల్లీమీటరు లోపే ఉండాలి, కొత్త బేరింగ్ వేసినవాళ్లు ఇది కొలవకుండా ప్రెస్ చేస్తే పంపు కారదు, శబ్దం రాదు, నీళ్లు మాత్రం సరిగ్గా తోయదు.

రేడియేటర్‌ని అంచనా వేయడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే చాలు. మెరిసే ఇత్తడి మీద అది తప్పు చూపిస్తుంది, నల్ల రంగు ఉన్నచోటే చూడండి. ఇంజిన్ బాగా కాగాక రేడియేటర్ మొహాన్ని అడ్డంగా, నిలువుగా కొలుచుకుంటూ పోండి. పై నుంచి కిందికి వేడి సాఫీగా తగ్గాలి. పక్కనున్న చోటు కంటే ఒక పట్టీ మాత్రం చాలా చల్లగా ఉంటే అక్కడి గొట్టాల్లో నీళ్లు తిరగడం లేదు. రాగి-ఇత్తడి రేడియేటర్‌కి మందు పోసి కడగడం కంటే ట్యాంకులు విప్పి రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి పూడిక తీయడం) చేయించడమే నయం. అది కూడా కుదరనంత పాడైతే కొత్త కోర్ వేయించండి. పలచటి అల్యూమినియం రేడియేటర్ల జోలికి నేనైతే పోను.

రాడింగ్ చేయించినవాళ్లలో చాలామంది బ్లాకుని మర్చిపోతారు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) ఉన్న పక్కన, బ్లాకు వెనక భాగంలో ఒక డ్రెయిన్ ట్యాపు ఉంటుంది. పంపుకి దూరంగా ఉండే నాలుగో సిలిండర్ చుట్టూ తుప్పు బురద దిగి గడ్డకట్టేది అక్కడే. ట్యాపు తిప్పినా చుక్క రాకపోతే ట్యాపు బాగున్నట్టు కాదు, వెనక బురద నిండినట్టు. ట్యాపు మొత్తం విప్పి, గట్టి తీగతో పొడిచి, థర్మోస్టాట్ గుంతలోంచి పైపు పెట్టి నీళ్లు స్పష్టంగా వచ్చేదాకా కడగండి. తుప్పు ఎక్కువుంటే నిమ్మ ఉప్పు లీటరుకి 40–50 గ్రాముల చొప్పున కలిపి, థర్మోస్టాట్ లేకుండా అరగంట నడిపి దించేయండి. తర్వాత మామూలు నీళ్లతో ఒకసారి, తినే సోడా కొంచెం కలిపిన నీళ్లతో ఒకసారి, మళ్లీ మామూలు నీళ్లతో రెండుసార్లు. రాత్రంతా ఉంచకండి, అది ఇనుమునీ టంకాన్నీ కూడా తింటుంది. అప్పటిదాకా బురదే పట్టి ఉంచిన చోట, అది పోయాక కారడం మొదలైతే దానికి నిమ్మ ఉప్పుని తిట్టుకోకండి.

ఆ తర్వాత బోరు నీళ్లు పోయడం పూర్తిగా మానేయండి. గట్టి నీటిలోని సున్నం ఎక్కువ వేడి ఉన్న చోటే, అంటే హెడ్డులో వాల్వుల చుట్టూనే పేరుకుంటుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ మూడింట రెండు వంతులు, పాత రకం ఆకుపచ్చ ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ ఒక వంతు చాలు. మనకి గడ్డకట్టే భయం లేదు, కావాల్సింది తుప్పు నిరోధకం. గ్లైకాల్ ఎక్కువైతే వేడి మోసే శక్తి తగ్గుతుంది కూడా. డబ్బా మీద ‘రెడీ టు యూజ్’ అని ఉంటే అందులో నీళ్లు ముందే కలిపి ఉంటాయి, మళ్లీ కలపకండి. రెండేళ్లకొకసారి మార్చండి. ఎంత దించారో కొలిచి రాసుకుంటే ఈసారి తక్కువ పట్టినప్పుడు గాలి చిక్కిందని తెలుస్తుంది.

మూత విషయంలో దాని మీద ఉన్న అంకె చూడండి. ఇలాంటి పాత బండ్లకి 4 లేదా 7 పీఎస్ఐ (ఒత్తిడి కొలత). హైదరాబాదు ఎత్తులో 4 పీఎస్ఐ మూత నీటి మరుగు స్థానాన్ని 105 దాకా, 7 పీఎస్ఐ మూత 110 దాకా తీసుకెళ్తుంది. రబ్బరు గట్టిపడిన మూతతో ఇదేదీ జరగదు, 98కే మరుగుతుంది. కొత్త కార్ల 15 పీఎస్ఐ మూత పట్టిందని పెట్టేయకండి, పాత ట్యాంకు అతుకులు దానికి తట్టుకోవు. మూత లోపలి స్ప్రింగు పొడవు, మెడ లోతు కూడా సరిపోవాలి. పొట్టి మూత బిగిసినట్టే అనిపించి ఒత్తిడి పట్టదు.

ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి ఉన్నా, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ ఆలస్యంగా పడినా ఇంజిన్ వేడెక్కుతుంది, మంట ఆలస్యమై ఆ వేడి ఎగ్జాస్ట్ పోర్టుల ద్వారా నీళ్లకి ఎక్కుతుంది. డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వాక్యూమ్ పైపు నోటితో పీల్చి చూడండి, డయాఫ్రమ్ చిరిగి ఉంటే పట్టు నిలవదు. 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌తో పాత కార్బ్యురేటర్ సెట్టింగ్ పలచన అవుతుంది, మిశ్రమం కొంచెం చిక్కగా చేయించాలి. అదే పెట్రోల్ ఎండలో పైపులోనే ఆవిరై బండి ఆగిపోవడం కూడా ఉంది. నీళ్లు మామూలుగా ఉండి, బండి ఆగి, పావుగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయితే అది కూలింగ్ జబ్బు కాదు. పెట్రోల్ పైపుని ఎగ్జాస్ట్‌కి దూరంగా జరపండి.

ఎలక్ట్రిక్ ఫ్యాను ఆలోచన ఉంటే ముందు ఛార్జింగ్ సంగతి చూసుకోండి. డైనమో ఉన్న బండిలో ఐడిల్‌లో ఛార్జింగ్ దాదాపు ఉండదు, ఫ్యాను తిరగాల్సింది సరిగ్గా అప్పుడే. ఆల్టర్నేటర్ పెట్టించాకే దాని గురించి మాట్లాడండి.

ఇవన్నీ సరిచేశాక కూడా తిరుమల ఘాట్ లాంటి చోట మూడో గేరులో గింజుకుంటూ ఎక్కించకండి. రెండో గేరులో పెడితే ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది, ఫ్యానూ పంపూ కూడా దానితో పాటు వేగంగా తిరుగుతాయి. ముల్లు ఎర్ర గీత దగ్గరికి వస్తుంటే పక్కకి ఆపి, ఇంజిన్ ఆపకుండా కొంచెం ఎక్కువ ఐడిల్‌లో నడవనిచ్చి బానెట్ ఎత్తండి. ఆవిరి అప్పటికే వస్తుంటే మాత్రం ఆపేయండి. మూత ముట్టకండి, బ్లాకు మీద నీళ్లు చల్లకండి, హెడ్డు చీలేది అప్పుడే. అరగంట తర్వాత మందపాటి గుడ్డ వేసి మూతని మొదటి మెట్టు దాకా తిప్పి ఒత్తిడి పోనివ్వండి. ఆ తర్వాత ఇంజిన్ నడుస్తుండగా సన్నని ధారగా, వీలైతే గోరువెచ్చని నీళ్లే పోయండి.